డబ్బాల పత్తి

మా ఊర్లె బస్సెక్క.
ఎక్కితె ఎటువోతున్నవని పదిమంది అడుగుతరు.
నెలకొక్కనాడు చీకట్లనే
పరకాల దాకా నడిచిపోయి ఎక్కుత.
కండక్టరు మిషన్ల కెళ్లి జీరో టికెట్ చింపిచ్చె.
బస్సు ఫిరీ. గోలీలు ఫిరీ.
పొయిన కూలికే, దానికి ఏ కార్డూ లేదు.

వరంగల్ల పెద్దదవాఖాన, ఎనుక గది.
బోర్డు మీద మూడే ఇంగ్లీషు అచ్చరాలు.
సదువురానోళ్లు సుత సదువుతరు వాటిని.

తెల్ల డబ్బా, ముప్పై గోలీలు.
అడుగు తీసి అడుగేస్తె గలగల.
మొదటి నెల ఆ సప్పుడుకు
పక్క సీటామె ఇటు మర్రి సూసింది.
అప్పటిసంది నడుముల ఇంత పత్తి చెక్కుకపోయి
డబ్బా నిండ కుక్కుత.
మా చేన్లదే, రెండో ఏరుడు పత్తి,
ఎనుమాముల మార్కెట్ల
తేమున్నదని ధర కోసిన పత్తి.
ఎనిమిదేండ్లాయె
డబ్బా నోరు మెదపక.

ఈసారి కడుపుల రాయున్నదన్నరు,
కొయ్యాలె అన్నరు.
ఆరోగ్యశ్రీ బల్లకాడ నిలబడ్డ.
"కోడెపాక కొమురమ్మ" అని పిలిచి
కార్డు అటు దిప్పె ఇటు దిప్పె ఆ పిలగాడు.
ఫోటోల నా పక్కన ఓదెలు
ఇంకా రెప్ప కొట్టకుంట సూస్తనే ఉన్నడు.
"ఈయన రాలేదా?"
వచ్చేటోడైతె
నాకన్న ముందే లైన్ల ఉండు బిడ్డా.

కంప్యూటర్ల ఒక్క గడి ఖాళీగున్నదట.
"ఇంతకుముందు ఏమన్న బీమారుందా?
మందులేమన్న వాడుతున్నవా?"
గట్టిగనే అడిగె.
ఫ్యాను లొడలొడకు వాని మాట వానికే ఇనబడదాయె.
ఎనుక ఎంతమందో.
అండ్ల ఒకామె
మా అక్క బిడ్డ తోటికోడలు లెక్కనే ఉన్నది.

నోట్లె తడి లేదు.
సంచిల కెళ్లి డబ్బా దీసిన.
మూత దిప్పి, పత్తి గుంజి
బల్ల మీద పెట్టిన.
మూత పెట్టి
ఒక్కసారి ఊపిన.

పిలగాడు తల ఎత్తలే.
టకటక గడి నింపిండు. ఏం కొట్టిండో.
"పైకి పంపుతం, ఒప్పుకుంటె ఫోనొస్తది" అన్నడు,
కొంచెం మెల్లగ.

గూడెప్పాడు క్రాసు దాటినంక యాదికొచ్చింది,
పత్తి ఆ బల్ల మీదనే మరిసొచ్చిన.
గుంత గుంతకు డబ్బా మోగుతున్నది.
ఫోను మోగుతలేదు.
సంచిని పొట్టకదుముకున్న,
రాయి మీద రాయి.

ముందు సీటుల తల్లి భుజం మీదికెళ్లి
చంటిది ఒకటి తొంగిసూసింది,
గిలక అనుకున్నదేమో,
చెయ్యి జాపింది.

ఇయ్యలే గని
ఇంకోసారి ఊపిన.