తూర్పు హద్దు

వేట నిషేధం రోజులు. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి.
అందుకే ఆమెకి తీరిక దొరికింది
తన తదనంతరం గురించి ఆలోచించడానికి.

మహారాణిపేట రిజిస్ట్రారాఫీసు ఎదుట
జెరాక్సు షాపు వసారాలో నా బల్ల.
ముప్పయ్యొక్కేళ్ళుగా ఊరివాళ్ళ ఆస్తులు
నా చేతుల మీదుగా పోతున్నాయి,
ఒక్క గజం కూడా అంటుకోకుండా.

సూరాడ పరదేశమ్మ, వయసు సుమారు అరవై నాలుగు.
పెదజాలారిపేటలో రెండు గదులు,
బోటులో ఆరణాల వాటా,
మెడలో రెండు తులాలు,
ఐసు ఫ్యాక్టరీకి బాకీ.
"బాకీ కూడా రాయి బావూ, అదీ నాదే కదా."

అలవాటుగా చెప్పుకుపోయాను:
సెటిల్మెంటు రాస్తే ఇవాళే వాళ్ళదైపోతుంది,
మళ్ళీ అడగడానికుండదు.
వీలునామా అయితే నువ్వు పోయాకే.
ఈలోగా చింపచ్చు, మార్చచ్చు,
నీ గుమ్మానికి నువ్వే యజమానివి.
ఏదీ రాయకపోతే చట్టం పంచుతుంది.
మీ ఇంట్లో ఎవరు ఎవరికి అన్నం పెట్టారో
దానికి తెలీదు.

ఆమె కాసేపు రోడ్డు వైపు చూసింది.
"అంటే మొదటిది, వలతో పాటు తాడు కూడా వొదిలేడం.
రెండోది, తాడు కొస సేతికి సుట్టుకోడం."
ఇన్నేళ్ళలో ఇంత పొట్టిగా
నేనెవరికీ చెప్పలేకపోయాను.
"సుట్టుకునేదే రాయి."

చిన్నకొడుకు ఎల్లాజీకి ఒక గది.
నీళ్ళంటే భయం, ఆటో నడుపుతాడు.
"బయం తప్పు కాదు. బోటు మాత్రం ఆడికొద్దు."
వాటా, రెండో గది, ఆ రెండు తులాలు
కోడలు నూకరత్నానికి. పెద్దకొడుకు మసేను పెళ్ళాం.
మసేను గురించి ఒక్క మాటే అంది:
"ఆడి బోటు వొచ్చింది."

నా కంప్యూటర్లో పాత నమూనా ఒకటుంది.
పేర్లు మార్చి చదివి వినిపించాను.
సదరు నూకరత్నం మారుమనువు చేసుకొననంత కాలము...
"ఆగు. ఏటది?"
"మామూలుగా రాసేదేనమ్మా."
"ఎవులు రాయమన్నారు?"

ఎవరూ చెప్పలేదు.
నాకు ముందు ఈ బల్ల దగ్గర కూర్చున్నాయన రాసేవాడు,
ఆయనకి ముందు ఇంకెవరో.
ఎంతమంది కోడళ్ళ మీదుగా ఆ వాక్యం నడిచిపోయిందో
నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

"తెల్లారి మూడింటికి లెగిసి వేలానికెల్తాది.
లెక్కంతా దాందే. ముప్పయ్యేళ్ళ మనిషి,
మనువు సేసుకుంటే సేసుకుంటాది.
బోటుకేటి నొప్పి? కొట్టీ."

కొట్టేశాను.
రాత్రి షట్టరు దించే ముందు
నమూనాలోంచి కూడా.

తర్వాత హద్దులు.
ఉత్తరం: చోడిపల్లి వారి గోడ. దక్షిణం: నడక సందు.
పడమర: సిమెంటు రోడ్డు.
తూర్పు?
"సముద్రం."
ఎన్ని గజాల్లో అన్నాను.
"ఎప్పుడు? మసేను పుట్టినప్పుడా, నిరుడా,
మొన్న పున్నానికా?"
కదిలే హద్దు కాగితానికి పనికిరాదు.
"ఇసుక" అని రాశాను.

ఇంకొకటి రాయమంది:
వేలంలో తను నిలబడే చోటు.
ఐసు మర పక్కన, నీళ్ళు కారే స్తంభం దగ్గర.
సర్వే నంబరు లేదు కదమ్మా అన్నాను.
"నలబయ్యేళ్ళు నిలబడ్డాను బావూ,
సిమెంటు గుంటడిపోనాది."
నేను తల వంచుకుని కీబోర్డు చూశాను.
"పోన్లే, అది నోటితోనే ఇచ్చెత్తాను."

లోపల మిషను ఆమె వేలు పట్టలేదు.
ఐసూ ఉప్పూ పొలుసులూ కలిసి
గీతలన్నీ అరగదీసేశాయి.
సాక్షులిద్దరూ, జెరాక్సు కుర్రాడూ టీకొట్టు కామునాయుడూ,
తమ వేళ్ళు తాము చూసుకున్నారు.
మూడోసారి కొంగుతో తుడిచి, నోటితో ఊది,
చేపని బల్లకి అదిమినట్టు అదిమింది.
ఆకుపచ్చ దీపం.

ఫీజు దగ్గర గట్టిగా బేరమాడింది. యాభై తగ్గించాను.
మెట్లు దిగి, మళ్ళీ వెనక్కొచ్చింది.
"మార్సుకోవొచ్చన్నావు కదా?"
"ఎన్నిసార్లైనా."
"అయితే వొస్తుంటాను,
అది జరిగినప్పుడల్లా."

సాయంత్రం దాకా నా స్టాంపు ప్యాడు
ఎండు కవ్వళ్ళ వాసన.