మెడే ముందు

సీసకు మెడే ముందు పుడుతది.
రస్ అల్ ఖైమా కంపెనీల ఎవ్వలూ చెప్పలే,
చూసి నేర్సుకున్న:
పైనుంచి జారిన నిప్పుముద్ద
అచ్చుల తలకిందులుగ పడి
మెడ చేసుకుంటది ముందుగాల.
తర్వాతనే ఊపిరి. తర్వాతనే పొట్ట.

తిలక్ గురుంగ్ స్వెటర్ గూడ అట్లనే మొదలుపెట్టిండు.
"మా అక్క కిందికెంచి అల్లుతది,
నాకు ముక్కలు కలిపి కుట్టుడంటే బద్ధకం" అని
గుండ్రటి సూదిమీద ఎనభై ఎక్కిచ్చి నా చేతుల పెట్టిండు.
ఒక్కొక్క అల్లికను వాళ్లు ఘర్ అంటరట.
ఇల్లు.

సిరిసిల్లల మా నాయిన మరమగ్గం
ఈ అంచుకెంచి ఆ అంచుకే ఉరికేది,
గుండ్రంగ తిరుగుడు దానికి తెల్వది.
నాకూ వారం పట్టింది.

ఇది గంగనర్సుకు.
కింది మంచం వాడు, చేపల కోల్డ్ స్టోరేజీ.
బయట నలభై ఆరు.
నేను పద్నాలుగు వందల డిగ్రీల కాడ,
వాడు మైనస్ ఇరవై కాడ,
ఇద్దరికీ కలిపి ఒక్క రూము, ఒక్క ఏసీ,
దాని రిమోట్ కోసం కొట్లాట.

మెడకు కొలిమి నారింజ.
భుజాలకు తేనె.
ఛాతి దాటినంక చల్లారిన సీస పచ్చ.
షార్జాల కిలో లెక్కన దొరికిన మిగులు ఉన్ని,
పచ్చ జర తక్కువ పడ్డది.

నడుమ లెక్క తప్పి నాలుగు వరుసలు ఇప్పిన.
పగిలిన సీస మళ్ల కొలిమిలకే పోతది,
పోయినంక పగిలిన సంగతే యాదికుండది.
ఉన్ని అట్ల కాదు,
ఉండల చుట్టినా వంకర వంకరగనే ఉన్నది.

సగంల తొడిగి చూసిన వానికి.
ఎడమ భుజం కిందికున్నది, డబ్బాలు మోసే భుజం.
అక్కడ రెండు ఇండ్లు ఎక్కువ కట్టిన.
అచ్చుకు చేతగాని పని.

"ఆగురా," అన్న,
"సీసను గూడ సొరంగంల మెల్లగ చల్లారిస్తరు,
తొందరపడితే లోపల్నే చిట్లుతది.
అయిపోనియ్యి, ఉతికి ఆరబెట్టి ఇస్త."
జాకెట్ జిప్పు పోయిందని
వాడు తెల్లారి నాలుగింటికే తొడుక్కొని పోయిండు.

కుడి చెయ్యి పూర్తిగ ఉన్నది.
ఎడమ దిక్కు
తెల్లదారం మీద నలభై రెండు ఇండ్లు
మూతుల్లెక్క తెరుసుకొని,
చేపల నడుమ.