జరిపిన వరస

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
ఆఫీసు గదికీ మొదటి చాంబర్‌కీ మధ్య
ప్లాస్టిక్ కుర్చీలో నేను, ఒడిలో లాప్‌టాప్.
గోడకు బిగించిన చలి లెక్కల డబ్బా
ప్రతి మూడో రోజూ అబద్ధం చెబుతోంది:
నాలుగో చాంబర్ చలిని
రెండో చాంబర్ పద్దులో రాస్తోంది.
అబద్ధం కూడా కాదు.
నిజమే, పక్కవాడి నిజం.

సెన్సర్ మార్చారు. వైరు మార్చారు.
నిమ్మకాయ కట్టారు, దారం ఇంకా వేలాడుతోంది.
ఆ తర్వాత నన్ను పిలిచారు.

పద్దెనిమిది రాత్రులు
కెర్నెల్ లోపల తిరిగాను.
అక్కడ ఏ ప్రోగ్రామూ తన గది ఎక్కడో ఎరగదు.
దాని చేతిలో ఉన్నది ఒక నంబరు;
ఆ నంబరు ఏ గదిదో
కెర్నెల్ పట్టికకే తెలుసు.
గది మారినా నంబరు మారదు,
ఆ మర్యాద మీదే అంతా నడుస్తుంది.
పట్టిక చూశాను. తప్పు లేదు.
మళ్ళీ చూశాను.
తప్పు లేని చోట తప్పు వెతకడమంటే
మిర్చి ఘాటులో ముక్కు మూసుకు నిలబడటమే,
ఎంతసేపని?

పంతొమ్మిదో రోజు పొద్దున
లారీ వెనక్కి పెట్టి హారన్ కొడుతుంటే
గుమాస్తా జకరయ్య
చీటీ వంక చూడకుండానే రెండో చాంబర్‌కి నడిచాడు.
"తాళ్లూరి వాళ్ళ తేజ, నలభై టిక్కీలు, ఎడమ వరస."
ముఠా వాళ్ళు మోశారు.
గేటు దాటబోతుంటే తెలిసింది
తాళ్లూరి వాళ్ళ సరుకు రాత్రే ఐదుకి మారిందని,
ఖాళీ అయిన ఎడమ వరసలో
ఇంకెవరివో బ్యాడిగి కాయలు దించారని.
రిజిస్టరులో రాశారు. ఎర్రసిరాతోనే రాశారు.
జకరయ్యకి చెప్పలేదు.
ఇరవై రెండేళ్ళుగా రిజిస్టరు ఆయన తలలోనే ఉంది,
కాగితం తిప్పే పని పడలేదు.

నేను లేచిన ఊపుకి కుర్చీ వెల్లకిలా పడింది.

ఆ చిన్న ప్రాసెసర్‌లో నలుగురు జకరయ్యలు.
ప్రతిసారీ పట్టిక దాకా పోతే ఆలస్యమని
ఎవరి గుర్తు వాళ్ళు జేబులో పెట్టుకున్నవాళ్ళు.
గది ఖాళీ కాగానే కెర్నెల్
దాన్ని కొత్తవాడికి ఇచ్చేసి
ఆనక చెబుతోంది నలుగురికీ: మరిచిపొండి.
ఇవ్వడానికీ చెప్పడానికీ నడుమ
తుమ్ము వస్తోందని తెలిసేంత వ్యవధి కూడా లేదు.
ఆ సందులోనే ఒకడు
పాత గదిలోకి పోయి చేతికందింది తెచ్చాడు.
నంబరు తనదే. దారి తనదే. సరుకు కాదు.

కొత్తగా ఒక్క అక్షరం రాయలేదు నేను.
కింది వరసను పైకి జరిపాను.
ముందు చెప్పు.
నలుగురూ "సరే, మరిచాం" అనేదాకా ఆగు.
అప్పుడివ్వు గది.

ఓనరు కోటిరత్నం గారు కళ్ళజోడు సవరించుకుని
స్క్రీను వంక, నా బిల్లు వంక చూసి
"ఇంతేనా?" అంది.
ఇంతేనండీ.

తొమ్మిది రోజులైంది.
రెండో చాంబర్ తన చలి తనే చెప్పుకుంటోంది.
జకరయ్యకి విప్పి చెప్పబోయాను,
మరవడం ముందు, ఇచ్చేయడం తర్వాత అని.
ఆయన తుమ్మి, కండువాతో ముక్కు తుడుచుకుని
"ఆ ముక్కేదో నా కాళ్ళకి చెప్పమ్మా" అన్నాడు.
అప్పటికే చెయ్యి రెండో చాంబర్ గడియ మీద ఉంది.

నవ్వుకుంటూ ఫైలు తెరిచాను, ఇంకోసారి చూద్దామని.
నా వేలు
పాత చోటుకే పోయి ఆగింది.
అక్కడ వరస లేదు.