హాచి

ఒకటి నుంచి పది దాకా జపాను అంకెలు
మేం నేర్చుకున్నది ఏటుకూరు రోడ్డులో,
మిరపకాయ టిక్కీల గొడౌను వెనక సందులో.
ఇచి అంటే, ఏం ఇచ్చి? అని నవ్వుకునేవాళ్లం.
రోకు అంటే రోకలి.
హాచి దగ్గర మాత్రం
నిజంగానే తుమ్ము వచ్చేది.
గాల్లో ఘాటు, కనురెప్పల మీద ఘాటు.
ఎనిమిదో గుద్దు పదహారుమందిమీ
తుమ్ముతూనే గుద్దేవాళ్లం.

కొండ్రు ఏసోబు మాస్టారు తుమ్మేవాడు కాదు.
తెల్లారగట్ల నించి యార్డులో బస్తాలు మోసి
సాయంత్రం ఆరింటికి కాళ్లు కడుక్కుని వచ్చేవాడు.
గాడాగుడ్డ చొక్కా,
నీలిమందు కాస్త ఎక్కువైన తెలుపు.
గోడకి ఎవరి ఫొటో లేదు.
"నేలకి వంగండ్రా" అనేవాడు.
"బస్తా ఎత్తేవాడు ముందు వంగుతాడు.
దండమంటే అంతే."

ఆయనకి నేర్పింది తెనాలి లైన్లో ఒక రైల్వే గార్డు.
గార్డుకి నేర్పింది మద్రాసులో ఎవరో.
ఆ ఎవరికో ఇంకెవరో.
ఆ పైన సముద్రం.

రెండో కటాలో మూడో మలుపు దగ్గర
మాస్టారు మడమ మీద తిరిగేవాడు.
తిరిగే ముందు చిన్నగా ఆగేవాడు,
గడప దాటబోయి ఏదో గుర్తొచ్చినవాడిలా.
ఆ ఆగడాన్ని ప్రాణం పెట్టి నేర్చుకున్నాం.
అందులో ఉన్న రహస్యాన్ని
మా సీనియర్ బాజీ మూడు రకాలుగా వివరించేవాడు,
మూడూ నమ్మేవాళ్లం.

బెజవాడ పోటీల్లో అక్కడే నాకు మార్కులు పోయాయి.
"మునివేళ్ల మీద తిరగాలమ్మా, ఎవరు నేర్పారు?"
జడ్జి నా పాదం వైపు చూశాడు
అన్నంలో రాయిని చూసినట్టు.

తిరుగు బస్సులో మంగళగిరి దాటేదాకా
నేను నోరు విప్పలేదు.
తర్వాత అడిగాను.
మాస్టారు ప్యాంటు మోకాలి పైకి మడిచి చూపించాడు.
"లారీ మీంచి టిక్కీ జారింది, ఎనభై ఏడులో.
అప్పట్నించీ వేళ్ల మీద బరువు ఆనదు."
కాకాని దగ్గర మళ్లీ అన్నాడు:
"మీరూ అట్టానే తిరుగుతున్నారా?
చెప్పొచ్చుగా ఎవరైనా."

ఇప్పుడు విద్యానగర్లో
ఒక అపార్ట్‌మెంటు సెల్లారు నాది.
ఎర్రవీ నీలివీ రబ్బరు పలకలు,
పడినా మోకాలు పగలదు, మంచిదే.
అంకెలు తెలుగులో చెబుతాను.
ఏడాదిన్నరలో నల్లబెల్టు రాదా అనే నాన్నలకి
కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి,
రాదని చెబుతాను.

మలుపు మునివేళ్ల మీదే నేర్పుతాను.
ఒక మనిషి దెబ్బని ఆచారమంటూ
పిల్లల కాళ్లకి కట్టలేను.
కానీ నా కాలు వేరు.
ఎవరూ చూడనప్పుడు అది
మడమ మీదే తిరుగుతుంది,
తిరిగే ముందు ఆగుతుంది.

మాస్టారు ఒక్కసారే వచ్చాడు, కర్ర పట్టుకుని.
రబ్బరు పలకని బొటనవేలితో నొక్కి చూశాడు,
కాయ ఎండిందో లేదో చూసినట్టు.
"పరుపా ఇది?"
"నేలే, మాస్టారూ."
"అయితే వంగొచ్చు" అన్నాడు.
వంగాడు.
లేవడానికి ఇద్దరం పట్టుకున్నాం.

మొన్న, ఆయన పోయిన నెలకి,
పై అంతస్తులో ఎవరో ఎండుమిరప తాలింపు పెట్టారు.
ఏడు అన్నాను.
ఎనిమిది అన్నాను.
చివరి వరసలో హుమేరా తుమ్మింది.
పిల్లలంతా విరగబడి నవ్వారు.
తొమ్మిది అనబోయి
నేను "కు" అన్నాను.

అదేం అంకె మిస్, అన్నారు.

తెలుగులో అది ఒంటరిగా నిలవని అక్షరం.
ఏ ఊరి పేరు చివరో,
ఏ మనిషి పేరు చివరో చేరాలి.
చేర్చలేకపోయాను.
పదో అంకె కోసం
ఇరవై రెండు పిడికిళ్లు
నడుముల దగ్గర ఎదురుచూస్తున్నాయి.