దత్తాంశంలో లేనిది

సూసామిర్ లోయలో కరెంటు పోయిన రాత్రి
పొయ్యి వెలుగులో ఇరవయ్యొకటో లెక్క.
"తిన్నని సమతల రహదారిపై ఒక లారీ..."
పైకే చదువుతున్నాను.

బూట్ల తాళ్లు విప్పుతూ నాన్న నవ్వాడు.
"తిన్నగా, పైగా సమతలంగానా?
ఈ కొండల్లో అదెక్కడుందో మీ కలీచా టీచర్ని అడుగు జిపార్,
ముందు నేనే తోలతాను."

లారీ వేగం సెకనుకి ఇరవై మీటర్లు.
అపాయం కంటపడి, కాలు బ్రేకు మీదకి వెళ్లేలోగా
సెకనులో ఎనిమిది పదోవంతులు.
"ఆ కాసేపూ త్వరణం సున్నా నాన్నా,
బండి దాని మానాన అది పోతుంది. పదహారు మీటర్లు."

నవ్వు ఆగింది.
"పదహారేనా? ఇంకా ఎక్కువనుకున్నాను.
అంతలోనే దాని కళ్లు చూశాను,
మెడ మీది తెల్లమచ్చ చూశాను,
గట్టు మీద నిలబడ్డ పిల్లనీ చూశాను."

సాగిన్ తాత గుర్రం గురించి
ఏడాదిగా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.
మిలీషియాకి నాన్న చెప్పింది ఒకటే మాట: నలభై దాటలేదు.
తాత ఒట్టు వేయమనలేదు. టీ తాగి వెళ్లిపోయాడు.

టైర్ల చార నలభై అంగలని ఊళ్లో అందరికీ తెలుసు.
అంగకి తొంభై సెంటీమీటర్లనుకుంటే
ముప్పై ఆరు మీటర్లు. తుదివేగం సున్నా.
పుస్తకంలోని త్వరణమే వేశాను: నాలుగు, ముందు మైనస్.
వర్గమూలం పదిహేడుకి వెంట్రుకవాసి తక్కువ.
గంటకి అరవై ఒకటి.

అరచేత్తో కాగితం కప్పాను.
నాన్న బంగాళాదుంప చెక్కు తీస్తున్నాడు,
తెగనివ్వకుండా, ఒకే తీగలా.

చెరిపి, నాలుగు బదులు రెండు వేశాను.
మంచు దారైతే అంతే ఉండొచ్చు.
నూట నలభై నాలుగు. మూలం పన్నెండు, శేషం లేకుండా.
గంటకి నలభై మూడు.
శేషం లేనంత మాత్రాన నిజమైపోదని
కలీచా టీచర్ అంటూనే ఉంటుంది.

"నాన్నా, ఆ రోజు దారి మీద మంచుందా?"

చెక్కు తెగింది.
"ఎవరడిగారు?"
"లెక్క అడిగింది."

పొయ్యిలో పిడక విరిగి కూలేదాకా చూశాడు.
"కొంచెం," అన్నాడు.
కాసేపాగి, "కొంచెమే."

రెండుకీ నాలుగుకీ మధ్య ఎన్ని అంకెలో!
పేజీ తిప్పాను.
"నిశ్చలస్థితి నుంచి బయలుదేరిన ఒక రైలు..."
"రైలా," అన్నాడు నాన్న, కత్తి తుడుచుకుంటూ,
"రైళ్ల సంగతి నాకేమీ తెలీదు.
అది గట్టిగా చదువు."