జి వరస, పద్నాలుగు

కిటికీకున్న అరచంద్రపు కన్నంలోంచి
ముప్పై ఒక్క చలికాలాలుగా చేతుల్నే చూస్తున్నాను.
ముఖాలు గుర్తుండవు నాకు.
వేళ్ళ కొసల్లో తొందర, తడిసిన నోట్ల ముడతలు,
"రెండున్నాయా, పోనీ ఒక్కటి?" అనేటప్పుడు
గాజు మీద ముసిరే ఆవిరి,
గుర్తుండేవి ఇవే.

హాలోవే జిమ్‌లో పట్టేది మూడువేల నూటపన్నెండు మంది.
సెయింట్ బ్రెండన్ వాళ్ళొచ్చే రాత్రి
ఊరు ఊరంతా అందులోనే ఇరుక్కోవాలనుకుంటుంది.
సోమవారం నుంచే పిల్లలు అయోవా మంచులో గుడారాలేశారు.
ఒకతె టార్చిలైటు కింద కెమిస్ట్రీ చదివింది.
ఒకడికి చెవి తిమ్మిరెక్కి ఆసుపత్రికి తీసుకెళ్తే
క్యూలో తన చోటుకి చెప్పులు కాపలా పెట్టి వెళ్ళాడు.

అవతలివాళ్ళకిచ్చేవి నలభై.
పైన, మూలన, స్తంభం వెనక,
స్కోరుబోర్డులో మా అంకె మాత్రమే కనబడే చోట.
ఒకప్పుడు నూరిచ్చేవాళ్ళం.
తగ్గిద్దామన్న మీటింగులో
చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇంట గెలవాలంటే ఇల్లు కాస్త ఇరుగ్గా ఉండాలి మరి.
అతిథుల గదిలో వేడినీళ్ళు రావు. బాగుచేయించం.
ఎడమ గీత దగ్గర ఒకచోట చెక్క కింద డొల్ల,
బంతి అక్కడ పడితే అలిగినట్టు సగమే లేస్తుంది.
మావాళ్ళు దాన్ని
గుమ్మంలో పడుకున్న కుక్కని దాటినట్టు దాటిపోతారు.

ఆరున్నరకి ఆ చేతులొచ్చాయి.
గీతల్లో గ్రీజు, ఒక గోరు నల్లగా చచ్చిపోయింది.
"ఒక్కటి."
"అయిపోయాయండీ."
చేతులు వెనక్కి పోలేదు.
"ఇరవైమూడో నంబరు మావాడు. ఆఖరి ఏడు.
రాత్రి డ్యూటీలు. ఒక్క ఆటా చూడలేదు."
ఇరవైమూడు మా నంబరు కాదు.

సొరుగులో నా సీటుంది. జి వరస, పద్నాలుగు.
రింగుకి సరిగ్గా వెనక, గోల పుట్టే చోటు.
ఎందుకిచ్చానని అడిగితే చెప్పలేను.
"ఆ నీలం టోపీ లోపల పెట్టుకోండి" అన్నాను,
నా ఎర్ర స్కార్ఫు కన్నంలోంచి తోశాను.
కొడుకు మీదికొచ్చే రంగుని
తండ్రి మెడకి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

పాప్‌కార్న్ మిషను పక్కన నిలబడి చూశాను మిగతా ఆట.
తొమ్మిది సెకన్లు. మేం ఒక్క పాయింటు ముందు.
ఇరవైమూడో నంబరుకి రెండు ఫ్రీ త్రోలు,
సరిగ్గా జి వరస ఎదుట.
అప్పుడు లేచింది అది.
ఇన్నేళ్ళూ దాని లోపలే కూర్చున్నాను,
బయటి నుంచి ఎలా ఉంటుందో తెలియదు.
ఇనుప వంతెన మీద గూడ్సుబండి,
వంతెన కింద ఒక్క కుర్రాడు.

వెతికాను ఆయన కోసం.
చుట్టూ ఊగే చేతుల అడవిలో ఊగనివి రెండే,
స్కార్ఫు రెండు కొసల్నీ
బావిలో బక్కెట్టు జారుతుంటే తాడు పట్టుకున్నట్టు
పట్టుకుని.

మొదటిది పడింది.
రెండోదానికి నా నోరు తెరుచుకునే ఉంది.
అబద్ధమెందుకు, అరిచాను.
బంతి రింగు చుట్టూ ఒకసారి తిరిగి
ఎందుకో ఆలోచించుకుని బయటికొచ్చింది.
అదనపు సమయంలో నాలుగు పాయింట్లతో గెలిచాం.

లైట్లార్పే వేళకి కన్నంలోంచి స్కార్ఫు వచ్చింది, మడత పెట్టి.
"బాగా ఆడాడు" అన్నాను.
"చన్నీళ్ళే వస్తున్నాయట లోపల" అన్నాడు,
ఫిర్యాదులా కాదు, బయట మంచు పడుతోందన్నట్టు.
"తల తుడుచుకుని రమ్మన్నాను."

స్కార్ఫు ఇస్త్రీ చేశాను రెండుసార్లు.
కొసల దగ్గర పిడికిలి ముడతలు పోలేదు.
వచ్చే మంగళవారం మీటింగు:
నలభైని ఇరవై చేద్దామంటున్నారు.
స్కార్ఫు చుట్టుకునే వెళ్తాను, చలి కదా.
చేతులు మాత్రం
ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తేలలేదు.