రేవు లెక్క

వశిష్ఠ మీద రేవు పాట మా నాన్నకి దక్కిన ఏడు
నాకు పన్నెండేళ్లు.
మనిషికి ఐదు పైసలు, మేకకి మూడు,
కొబ్బరికాయల బస్తాకి పది.

పళ్లాలమ్మని నిచ్చెన మీద తెచ్చారు,
కొబ్బరి తాడుతో కట్టి.
గొరిగిన తల మీద నిమ్మకాయలు రుద్దిన చోట
ఈగలు.
నీళ్లాడి పద్దెనిమిది రోజులని ఎవరో అన్నారు.
గాలి సోకిందని అందరూ అన్నారు.
నాన్న కాసేపు పెన్సిలు కొరికి
సామాన్ల కింద రాశాడు.
పది పైసలు.
ఎవరూ కాదనలేదు.
మూడోనాడు నిచ్చెన ఒక్కటే తిరిగొచ్చింది.
దానికి డబ్బులు తీసుకోలేదు.

తర్వాత కాలం మారిందన్నారు,
మంత్రగాడి చోట కరెంటు వచ్చింది.
మా తమ్ముడు మావుళ్లు రాత్రుళ్లు గోదారితో మాట్లాడేవాడు.
మాట్లాడితే పోనీ అనుకున్నాం.
అది జవాబు చెబుతోందన్నాక భయమేసింది.
విశాఖపట్నం జీపు అవతలొడ్డున ఉంది,
పంటు మీంచి దూకుతాడని చేతులు కట్టాం.
ముడి నేనే వేశాను.
పడవ ముడి, తడిసేకొద్దీ బిగుస్తుంది.
"అన్నా, ఎడంచెయ్యి కొంచెం వదులు చెయ్యి" అన్నాడు.
చెయ్యలేదు.

నాలుగు నెలలకొచ్చాడు, లావయ్యి, మెల్లిగా.
ఎర్రనీటికి పులస చూపిస్తే
ఇదేం చేప అన్నాడు.
గోదారి మాట్లాడ్డం మానేసిందిరా అనడిగితే
"అది మాట్లాడుతూనే ఉంది,
నాకే వినపడ్డం లేదు" అన్నాడు.
నయమైందని అమ్మ కోడిని కోసింది.

ఇప్పుడు ప్రతి రెండో శనివారం
ఏడుంబావు పంటుకి సువార్త వస్తుంది,
స్కూటీ తోసుకుంటూ, ప్లాస్టిక్ కవర్లో ఫైలుతో.
అంగన్‌వాడీలో పనిచేస్తుంది.
ఎక్కడికమ్మా అని ఓ పెద్దమనిషి అడిగాడు.
"పిచ్చి డాక్టరు దగ్గరికండి, మందులైపోయాయి."
పంటంతా ఒక్కసారి నీళ్ల వైపు చూసింది.
ఆయన ఓ జానెడు జరిగాడు.
"బిడ్డ పుట్టిన నెలకి మొదలైందండి,
ఇప్పుడు వాడు మూడో క్లాసు" అంది,
జరిగిన ఆ జానెడుతోనే చెబుతున్నట్టు.
మందుకి వేళ్లు వణుకుతాయట,
ముగ్గు వంకర పోతోందని నవ్వింది.

ఒక్కోసారి డాక్టరు రాడు.
ఒక్కోసారి డాక్టరుంటాడు, మందుండదు.
ఆ సాయంత్రాలు తిరుగు పంటులో
ఆమె హెల్మెట్టు తియ్యదు.

"ఒక మనిషి, ఒక బండి" అని చిల్లర చేతిలో పోస్తుంది.
ఆ మొదటి మాట దగ్గర
నా చెయ్యి ఏనాడూ తిన్నగా రాయదు.
ఆమె చూస్తుంది,
మీరూ మందులేమైనా వాడుతున్నారా అంటుంది.

అవతలొడ్డు తగిలితే మోకు అందుకునేది మావుళ్లే.
గుంజకి రెండు చుట్లు చుట్టి
కొస చేత్తోనే పట్టుకు నిలబడతాడు,
బళ్లన్నీ దిగేదాకా.
ముడెయ్యరా అంటాను.
వినపడనట్టే ఉంటాడు.